అమెర్లే చేతి ముద్ద

అమెర్లే ఇంట్లో అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేది. అయినా ఆమె తన పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించింది లేదు. తొలికోడి కూయగానే లేచి, ముఖం కడుక్కుని, దేవుడితో నాలుగు మాటలు చెప్పుకుని, పగిలిన కుండపెంకు ఒకటి పట్టుకుని వీధిలోకి నడిచేది. ఇవాళ ఒక ఇంటికి, రేపు ఇంకో ఇంటికి.

"నిప్పుంటే రెండు కణికలు పెట్టమ్మా" అని గుమ్మంలో నిలబడేది.

కణికలతో పాటు ఆ ఇంటి సంగతులన్నీ పెంకులోకి వచ్చేవి. ఎవరి పిల్లకు ఒళ్లు కాలుతోందో, ఎవరి పొయ్యిలో నిన్నటి నుంచి పిల్లి లేవలేదో అన్నీ తెలిసిపోయేవి. మధ్యాహ్నంలోగా ఆ ఇంటికి ఆకులో చుట్టిన ముద్ద ఒకటి చేరేది. ఇచ్చినట్టు చెప్పేది కాదు. "పొద్దున నిప్పిచ్చావుగా, అప్పు తీర్చుకుంటున్నా" అనేది.

భర్త టెట్టే చేపల పడవలో వల లాగే మనిషి, మాటకారి. "మా ఆవిడ నిప్పు కోసం వెళ్లి ఊరి పొగంతా మోసుకొస్తుంది" అని నవ్వేవాడు.

అక్రా నగరానికి తూర్పున సముద్రపు అంచున ఉన్న ఒబ్లాన్షీ ఊళ్లో అమెర్లే కెంకే ముద్దలు చేసి అమ్మేది. మొక్కజొన్న గింజలు నానబెట్టి, మరలో ఆడించి, ఆ పిండిని పులియబెట్టి, సగం ఉడికించి సగం పచ్చిగా కలిపి ముద్దలు కట్టి, కండె మీది ఎండు పొరల్లో చుట్టి పెద్ద కుండలో ఉడకబెట్టాలి. ఓపిక లేని చేతికి ఈ పని అబ్బదు. అమెర్లేకు అమ్మమ్మ నేర్పింది. కొలత కూడా అమ్మమ్మదే. అరచేతిలో పిండి పెట్టుకుంటే బొటనవేలు, చిటికెన వేలు ఒకదాన్నొకటి చూసుకోకూడదు, అదీ ముద్ద. వేడి ముద్ద, వేయించిన చేప, నూరిన పచ్చిమిరప కారం. అది తిన్న పడవవాడు పొద్దుగూకేదాకా తెడ్డు వేసేవాడు.

ఊళ్లో కెంకే అమ్మే ఆడవాళ్లందరికీ ఒక సంఘం ఉండేది. దానికి పెద్ద ఒడార్లే. అమెర్లేకు సొంత పెదనాన్న కూతురు, వరసకు అక్క. మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో పురుడు వచ్చినా సబ్బులూ పాత బట్టలూ మూటకట్టుకుని ముందు ఆమే వెళ్లేది. ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే మధ్యలో దూరి ఇద్దరికీ చెరో చెంపదెబ్బ వేసి, ఇద్దరికీ అన్నం పెట్టి పంపేది. అయితే తన మాటకు ఎదురు రావడం మాత్రం ఆమెకు గిట్టేది కాదు.

ఆ ఏడు వానలు సరిగా పడక మొక్కజొన్న పిరమైంది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చేపల పాక కింద సంఘం కూడింది. ఒడార్లే తన కొంగులోంచి చిన్న సొరబుర్ర చిప్ప తీసి అందరికీ చూపించింది.

"ఇకనుంచి ముద్ద అంటే ఇదే కొలత. ధర పాతదే. ఎవరూ ఒక్క చిటికెడు ఎక్కువ వేయడానికి వీల్లేదు."

"ధరే కాస్త పెంచితే పోలా అక్కా?" అంది అమెర్లే.

"ధర పెంచితే జనం గోల పెడతారే. ముద్ద తగ్గితే ఎవరికి తెలుస్తుంది?"

"తినేవాడి కడుపుకి తెలుస్తుంది కదా."

పాకంతా నవ్వింది. ఒడార్లే కూడా నవ్వింది. "కడుపుకి నోరు లేదులే, చెల్లీ" అని, నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. "ఎవరైనా పెద్ద ముద్ద చేసి పక్కదాని బేరాలు లాక్కుంటే, దానితో సంఘంలో ఎవరూ మాట్లాడరు. మరలవాళ్లకీ చెప్పేశాను. దాని గింజలకి ఊళ్లో ఏ మరా తిరగదు."

అందరూ సరేనన్నారు. అమెర్లే కూడా తలూపింది. తలూపడంలో మోసం లేదు. నిజంగానే ప్రయత్నించింది పాపం.

చిక్కంతా పాటతో వచ్చింది. ముద్దలు కట్టేటప్పుడు ఆమె చర్చి పాటలు పాడుకునేది. చరణానికి ఒక ముద్ద. చిప్పతో కొలిచి పిండి తీసుకున్నా, పాట పైస్థాయికి వెళ్లేసరికి చెయ్యి తనంతట తనే గిన్నెలోకి పోయి ఇంకాస్త తెచ్చుకునేది. టెట్టే పక్కన వల బాగుచేసుకుంటూ చూసి, "చిప్పేమో సంఘానిది, చెయ్యేమో అమ్మమ్మది. మధ్యలో నువ్వెవరివే?" అన్నాడు.

మర్నాడు నోరు బిగబట్టుకుని, పాట లేకుండా కట్టింది. ముద్దలన్నీ చిప్ప కొలతకే వచ్చాయి. చూడబోతే బాతుగుడ్లలా ఉన్నాయి.

ఆ రోజు క్వాబ్లా వచ్చాడు. వోల్టా నది అవతలి నుంచి వచ్చి ఇక్కడ తాపీ మేస్త్రి కింద ఇటుకలు మోసే మనిషి. రోజూ ఒక్క ముద్దే కొనేవాడు. సగం అక్కడే తిని, సగం తువ్వాలులో మూటకట్టి సాయంత్రానికి దాచుకునేవాడు. ఆ వేళ ముద్ద చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొత్తం తినేసి, ఖాళీ తువ్వాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సాయంత్రానికి వద్దా తమ్ముడూ?"

"ఈమధ్య సాయంత్రాలు ఆకలి వేయట్లేదక్కా."

అబద్ధం ఆడటం చేతకాని మనిషి. చూపు పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున చిప్పను బోర్లించింది. పాత ముద్దలే కట్టింది. అయితే ధర దాచలేదు. వచ్చిన ప్రతివాడికీ నోరారా చెప్పింది: "మొక్కజొన్న పిరమైంది నాయనా. ముద్ద పాతదే, ధర మాత్రం కాస్త పెరిగింది. ఇష్టమైతే తీసుకో, లేకపోతే చిన్న ముద్దలు పక్కవీధిలో ఉన్నాయి." కొందరు గొణిగారు, కొందరు వెళ్లారు, చాలామంది కూర్చున్నారు. క్వాబ్లా నాలుగు చిల్లర నాణేలు ఎక్కువిచ్చి సగం ముద్ద తువ్వాలులో కట్టుకున్నాడు. సాయంత్రపు ఆకలి తిరిగి వచ్చినట్టుంది.

మూడోనాటికి ఒడార్లే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మా, ధర పెంచావా, ముద్ద పెంచావా?"

"రెండూనక్కా."

"అయితే రెండు తప్పులు" అని వెనక్కి తిరిగింది. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లింది. ఒడార్లే ఆ ఇంట్లో నీళ్లు తాగకుండా వెళ్లడం అదే మొదలు.

ఆ మర్నాడు నానిన గింజల బేసిన్ నెత్తిన పెట్టుకుని అమెర్లే లార్తే మరకు వెళ్లింది. లార్తే ఊళ్లో పెద్ద మర యజమాని. బొజ్జ నిండా పిండి చల్లుకుని ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఆ వేళ నేలచూపులు చూశాడు.

"బెల్టు తెగిందమ్మా."

ఆయన వెనకాల బెల్టు గిర్రున తిరుగుతోంది.

"మరి అది తిరుగుతోందేంటి బాబాయ్?"

లార్తే వెనక్కి చూశాడు, ముందుకి చూశాడు. "తిరుగుతోంది గానీ... తెగింది" అన్నాడు.

ఇంకో మరకు వెళితే కరెంటు లేదన్నారు. అన్నవాడి నెత్తిమీదే దీపం వెలుగుతోంది. ఇంకో చోట మర తుడిచేశాం, ఇంకో చోట మనిషి లేడు. అందరూ మర్యాదగానే చెప్పారు. ఎవరూ కసిరి కొట్టలేదు. అమెర్లేకు అదే ఎక్కువ బాధనిపించింది. కసిరితే తిరిగి ఒక మాట అనవచ్చు. ఇలా సిగ్గుపడుతూ కాదన్నవాళ్లను ఏమని అంటాం?

నానిన గింజలు ఊరుకోవు. వాసన మారితే పారబోయడమే. ఇవాళ పారబోస్తే రేపటి పిండి లేదు, ఎల్లుండి ముద్ద లేదు. నాలుగు వారాలు ఇలా గడిస్తే అమ్మమ్మ నేర్పిన పని ఆ ఇంట్లో ముగిసిపోతుంది. అప్పుడు ఆమెకు మొదటిసారి భయం వేసింది.

టెట్టే పెద్ద రోలు కడిగి తెచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి రోకళ్లు వేశారు. మధ్యాహ్నానికి బేసిన్లో మూలకు కాస్త పిండి, చేతుల నిండా బొబ్బలు. టెట్టే అరచేతులు చూసుకుని, "వల లాగితే ఒక రకం బొబ్బలు, పెళ్లాంతో రోకలి వేస్తే ఇంకో రకం. దేవుడు దేనికదే విడివిడిగా చేశాడే" అన్నాడు. ఆమె నవ్వింది గానీ, తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు తెల్లవారుజామున కుండపెంకు పట్టుకుని గడప దగ్గరే ఆగింది. తలుపులు కూడా మూసేస్తారేమో! అయినా అలవాటు లాక్కెళ్లింది. ఆ రోజు వంతు కాయి అనే ఆమెది. ఆమె కూడా సంఘంలో మనిషే. కాయి తలుపు తీసింది. నోరు తెరవలేదు. మాట్లాడకూడదని కట్టుబాటు మరి. నిప్పు ఇవ్వకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. పెంకు నిండా కణికలు పోసింది. అమెర్లే కళ్లలోని దిగులు చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముక్కు పట్టుకుని, రాని తుమ్ము తెచ్చుకుని హాచ్ మని తుమ్మింది. చేతులతో మర తిప్పినట్టు చూపించింది. గడ్డంతో ఉత్తరాది వాళ్లుండే జోంగో పేట వైపు సైగ చేసింది. మళ్లీ తుమ్మింది.

"మిరపకాయల మర!" అంది అమెర్లే.

కాయి కళ్లు పెద్దవి చేసి, నేనేమీ అనలేదు తల్లీ అన్నట్టు రెండు చేతులూ పైకెత్తి తలుపు వేసేసింది.

జోంగో పేటలో మాలం ఇసాకా అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడే తలనెరిసిన హౌసా ముసల్మాను. ఆయనకో చిన్న మర ఉండేది. ఎండుమిరప, అల్లం, వేరుశనగలు మాత్రమే ఆడించేవాడు. మరలవాళ్ల సంఘం ఆయన్ని లెక్కలోకే తీసుకోలేదు. అందుకని ఆయనకు ఎవరూ ఏ కట్టుబాటూ చెప్పలేదు.

"నా మర కారం తిని బతికిన మర తల్లీ. నీ మొక్కజొన్నకు పనికిరాదు" అన్నాడాయన.

"కడుక్కుంటాను తాతా."

ఇద్దరూ కలిసి కడిగారు. రాళ్లు విప్పి తోమారు. తవుడు పోసి రెండుసార్లు ఆడించారు. వాసన చూస్తే ఏమీ లేదు. అప్పుడు గింజలు పోశారు. మధ్యలో ఆయన నమాజు వేళ అయింది. మర ఆపి చాప పరిచాడు. అమెర్లే కూడా పాడుతున్న చర్చి పాట చటుక్కున ఆపింది.

"ఆపకు బిడ్డా. ఆయనకు రెండు చెవులున్నాయి" అని ఆకాశం వైపు చూపించి ఆయన తన ప్రార్థన మొదలుపెట్టాడు.

పిండి పులిసి, ముద్దలై, కుండ దిగిన రోజు బజారులో ఆమె బల్ల మీద పడవవాళ్లు బారులు తీరి కూర్చున్నారు. మొదటి కబళానికే ఒకడికి పొలమారింది. రెండోవాడికి ముక్కులోంచి నీళ్లు. రాళ్ల సందుల్లో ఎక్కడ దాక్కుందో ఆ పాత కారం, ఉడికేసరికి మేలుకుంది. అమెర్లే గబగబా నీళ్ల చెంబు అందుకుంది. క్వాబ్లా కళ్లు తుడుచుకుంటూ, "అక్కా, కారం విడిగా వేయడం మానేశావా? చేప ఒక్కటుంటే చాలు, మిగతావన్నీ లోపలే ఉన్నాయి!" అన్నాడు. బల్లంతా గొల్లుమంది. నవ్వుతూ, తుమ్ముతూ, నీళ్లు తాగుతూ కుండ ఖాళీ చేసేశారు. ఆ తర్వాతి వారం మరలో పాత కర్రపెండలం తొక్కలు వేసి ఆడించి, కారం బొత్తిగా పోగొట్టారు. అప్పుడు ఇద్దరు పడవవాళ్లు వచ్చి, "ఆ కారం ముద్దలు అయిపోయాయా?" అని అడిగి, లేవంటే బాధపడ్డారు.

ఇలా ఉండగా హోమోవో పండుగ దగ్గరపడింది. ఒకప్పటి కరువును తలుచుకుని ఆకలిని వెక్కిరించే పండుగ అది. ఆ రోజు 'గా' అనే ఆ తీరపు జాతివాళ్ల ప్రతి ఇంట్లోనూ మొక్కజొన్న పిండి ఆవిరి మీద ఉడికి, పామాయిలు కలిసి ఎర్రగా అవ్వాల్సిందే. ఎంత లేనివాళ్లయినా గింజలు ఆడించుకోవాల్సిందే. ఆ సంగతి మరలవాళ్లకూ తెలుసు. ఒక పొద్దున చూస్తే ఊళ్లోని మరలన్నిటి మీదా సుద్దముక్కతో ఒకటే కొత్త ధర. పాతదానికి రెండింతలు.

పండుగకు ముందు కొన్నాళ్లు ఊళ్లో డప్పు మోగకూడదు. ఆడవాళ్ల నోళ్లకు మాత్రం ఆ నియమం లేదు. అందరినీ వెంటేసుకుని ఒడార్లే లార్తే మర ముందు నిలబడింది.

"పండుగ పూట ఇదేం అన్యాయం లార్తే? ఒక్క మరవాడైనా పాత ధరకి ఆడించడా?"

లార్తేకు భయంగానే ఉంది, కానీ మాట బయటికి వచ్చేసింది. "అందరం ఒక్క మాట మీద నిలబడితే ఎవరూ ఏమీ చేయలేరని నువ్వే కదమ్మా నేర్పావు. నువ్వు చెప్పావని అమెర్లేకి మరలన్నీ మూశాం. మూయడం అంత తేలికని మాకూ అప్పుడే తెలిసింది."

ఒడార్లే కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. వెనకున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాటి నుంచి జోంగో పేట దారిలో బేసిన్లు నడిచాయి. పైన గుడ్డలు కప్పి, లోపల గింజలు కావన్నట్టు మొహాలు పెట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. మాలం ఇసాకా ధర పెంచలేదు. "ఏమిటి ఈ జనం, మిరపకాయలు ఇంత తెల్లగా ఎప్పుడయ్యాయి?" అని మాత్రం గడ్డం నిమురుకున్నాడు. మర చిన్నది, వరస పెద్దది. అమెర్లే కొంగు బిగించి, రాళ్లు కడగడంలో, బేసిన్లు దించడంలో ఆయనకు చేదోడైంది. సంఘం ఆడవాళ్లు ఆమెతో మాట్లాడలేరు. చేతులతో సైగలు చేసుకుంటూ మూగ సంతలా ఉందక్కడ.

పండుగ రేపనగా ఒడార్లే వచ్చింది. నెత్తిన బేసిన్, ముఖం మీదికి కొంగు. వరసలో చివర ఎవరో అడగాలి. అడగాలంటే మాట్లాడాలి. కట్టుబాటు పెట్టింది తనే. ఎండలో అలాగే నిలబడింది. అమెర్లే చూసింది. చేతులు తుడుచుకుని వచ్చి, అక్క నెత్తిమీది బేసిన్ మెల్లిగా దించి, తీసుకెళ్లి తన బేసిన్ కంటే ముందు పెట్టింది.

"ఈమె ఎవరమ్మా?" అన్నాడు మాలం ఇసాకా.

"మా అక్క తాతా."

"పలకదేం? మూగదా?"

"కాదు, మాట్లాడకూడదని కట్టుబాటు."

"ఎవరు పెట్టారు?"

"అక్కే."

పెద్దాయన మర మీద చెయ్యి ఆన్చి నవ్వాడు. ఆ నవ్వుకు మర పక్కనున్న మిరపపొడి కాస్త లేచింది. ఒడార్లే ముక్కు ఎగబీల్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది, లాభం లేకపోయింది. పేట అదిరేలా తుమ్మింది.

"నూరేళ్లు!" అంది అమెర్లే అలవాటుగా.

"నీకూ నూరేళ్లే" అంది ఒడార్లే అంతే అలవాటుగా. అనేశాక గానీ తనేమన్నదో తెలియలేదు. అప్పటిదాకా బిగబట్టుకున్న వరసంతా ఒక్కసారి పకపకా నవ్వింది. ఆ తర్వాత ఆ రోజు అక్కడ ఎవరి నోరూ మూతపడలేదు.

పండుగ చక్కగా జరిగింది. ఇంటిపెద్దలు వాకిళ్లలో ఎర్రటి పిండి చల్లారు, పిల్లాపెద్దా ఆకలిని తిట్టిపోశారు, ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తిన్నారు. మరునాటి వేకువ అసలైనది. ఆ వేళ చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆయుష్షు కోరుకుంటారు, ఏడాది పొడుగునా పడిన మాటలు కడిగేసుకుంటారు. అమెర్లే వాళ్ల ఇంటి ఆనవాయితీ ప్రకారం, ఆ వేకువలో గడపలోకి వచ్చినవాళ్లు ఏదైనా అడిగితే పెద్దవాళ్లు కాదనకూడదు.

అమెర్లే వెళ్లేసరికి ఒడార్లే అరుగు మీద కూర్చుని ఉంది. ఆయుష్షులు చెప్పుకోవడం అయింది. ఒడార్లే మంచినీళ్లు ఇచ్చి, తనూ తాగింది.

"మరలవాళ్లకి కబురు పంపాను. నీ గింజలు ఎవరూ కాదనరు. లార్తే ధర కూడా దించాడు, నీ తాత మర వైపు జనం పోతుంటే దించక చస్తాడా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నేను చిప్ప ఎందుకు తెచ్చానో తెలుసా? మన సంఘంలో ముసలివాళ్లున్నారు, మొగుడు లేనివాళ్లున్నారు. నీలా గబగబా చేసేవాళ్లు పెద్ద ముద్దలు పెడితే వాళ్ల కుండ చల్లారిపోదూ?"

అమెర్లే వచ్చి అక్క పక్కన అరుగు మీద కూర్చుంది. ఆ మాటలో నిజముంది. "నిజమేనక్కా" అంది. "చిన్న ముద్దలు చేసుకునేవాళ్లు చేసుకోనీ, తక్కువ ధరకి అమ్ముకోనీ. ముసలివాళ్లకి చిన్న కడుపులవాళ్లు బేరానికి వస్తారు. బడి పిల్లలున్నారు. కానీ ఎవరి ముద్ద ఎంతో తినేవాడికి ముందే తెలియాలి. మర మూయడం మాత్రం వద్దు. మొన్న నాకు మూశారు, నిన్న నీకు మూశారు."

ఒడార్లే నేల మీద వేలితో గీతలు గీసింది. "సంఘంలో ఈ మాట నేను చెబితే, ఒడార్లే ఓడిపోయిందంటారే. నోటితో చెప్పలేను. అది తప్ప ఇంకేమైనా అడుగు. ఈ వేకువ కాదనకూడదు."

అమెర్లే నవ్వింది. అక్క చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"అయితే నోటితో చెప్పొద్దులే అక్కా. రేపు పొద్దున్న నా దగ్గరికి రా. బజారంతా చూస్తుండగా నా బల్ల మీద కూర్చుని ఒక ముద్ద తిను. చెప్పాల్సింది అదే చెబుతుంది. ఊరికే పెట్టను సుమా, నా ధర ఇచ్చి కొనుక్కో."